మూడో చరణంలో గంటలు

మార్చి 3, ఆదివారం

ఈరోజు టీ నేను పెట్టాను.

ముప్పై ఏళ్లలో ఇది మొదటిసారి. రాసుకునేంత విషయం కాదు గానీ మనసు ఊరుకోలేదు. ఈ డైరీ మా ఆవిడకి ఆఫీసులో ఇచ్చారు, జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఆ చిన్న విషయానికీ ఈ ఖాళీ డైరీకీ జోడీ కుదిరింది.

మా ఆదివారం సభలో నలుగురం. లైబ్రేరియన్ గారు రిటైరయ్యారు, అయినా ఇప్పటికీ ఎవరు దగ్గినా వేలు పెదాల మీద పెడతారు. బేకరీ ఆయన చేతికి బల్ల దొరికితే డ్రమ్ము చేసేస్తాడు. మా ఆవిడ తమ్ముడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. నాలుగోవాణ్ణి నేను, స్పీకర్లు బాగుచేసేవాణ్ణి. కూర్చునేది నా షాపులోనే. బొంగురు గొంతు పాటగాడొకాయన ఉన్నాడు, మాకు బొంగురాయన; ఆయన పాట ఒకటి తీసుకుని రెండుసార్లు పెడతాం, కళ్లు మూసుకుని వింటాం. తర్వాత ప్రతివాడూ ఇదివరకు వినని ముక్క ఒకటి చెప్పాలి. వెనకాల గిటారు తీగ ఒకటి తెగినట్టుందనో, ఫలానా మాట దగ్గర ఆయన నవ్వాడనో. చెప్పలేనివాడు టీ పెట్టాలి.

ఇన్నేళ్లూ టీ మా బావమరిదిదే. చేతకాక కాదు, చెప్పడు. "ఆయన్ని మీ ముగ్గురూ కలిసి మోస్తున్నారు కదా. నేను ట్రే మోస్తాను" అంటాడు. వాడి లెక్కలో బొంగురాయన ఒక మామూలు పాటగాడు, జనం పొగిడి పొగిడి పెద్దవాణ్ణి చేశారు. అలాంటివాడు ప్రతి ఆదివారం ఎందుకొస్తాడని అడిగితే, "ఎవరో ఒకరు నిజం చెప్పాలిగా బావా" అంటాడు.

ఈరోజు నా వంతు వచ్చేసరికి కొత్త ముక్క ఏదీ దొరకలేదు. పాటంతా దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. లేచి టీ పెట్టాను. లైబ్రేరియన్ గారు కప్పు అందుకుంటూ, "ఒంట్లో బాగుందా?" అన్నారు.

టీ మటుకు బావమరిది పెట్టినదానికన్నా బాగుంది. వాడు తప్ప అందరూ ఒప్పుకున్నారు.

మార్చి 5, మంగళవారం

సినిమా హాలు ఆపరేటరు స్పీకర్లూ ఆంప్లిఫయరూ తెచ్చాడు. కాయిల్ కాలిపోయింది. కొత్తది చుట్టి బిగించాను. తర్వాత పరీక్ష.

నా పరీక్ష ఒకటే. బొంగురాయన స్టేషన్ పాట పెడతాను. ఎవరిదో పెట్టె చేతిలో పట్టుకుని, ఆ మనిషి ఏ రైల్లో వెళ్లిందో తెలియక ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయినవాడి పాట అది. మూడో చరణంలో వాయిద్యాలన్నీ ఆగి, వెనకాల ఎక్కడో సన్నగా గంటలు మోగుతాయి. చీమ కాలికి మువ్వలు కట్టినట్టుంటుంది. ఆ గంటలు విడివిడిగా పలికాయా, స్పీకరు బాగున్నట్టే. పలకలేదా, లోపల సన్నటి శబ్దాలు పెంచే ట్రెబుల్ స్క్రూ కొంచెం కొంచెం తిప్పి పలికిస్తాను. పలికిన చోట స్క్రూ మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క పెట్టి మూసేస్తాను. ఇక దాన్ని ఎవరూ కదపకూడదు. ఆ చుక్క నా సంతకం.

ఈసారి గంటలు రావడానికి స్క్రూ చాలా తిప్పాల్సి వచ్చింది. ఇప్పుడొస్తున్న సరుకులో నాణ్యం లేదు.

మార్చి 8, శుక్రవారం

చేతి గడియారం అలారం మోగడం మానేసింది. బ్యాటరీ మార్చాను.

మార్చి 10, ఆదివారం

ఈసారి టీ తప్పించుకున్నాను. రెండో చరణంలో ఒక మాట మధ్య ఆయన ఊపిరి తీసుకున్నాడని చెప్పాను.

"నాకు వినపడలేదే" అన్నారు లైబ్రేరియన్ గారు.

"తీసుకునే ఉంటాడు సార్. తీసుకోకపోతే మనం ఎప్పుడో సంతాపసభ పెట్టేవాళ్లం" అన్నాడు బేకరీ ఆయన.

నేను విన్నానా? విన్నాననే అనుకుంటున్నాను.

ఈ నెలతో బొంగురాయన మొదటి రికార్డు వచ్చి నలభై ఏళ్లట. లైబ్రరీ హాల్లో చర్చ పెడదామని లైబ్రేరియన్ గారు నిర్ణయించేశారు. అంశం: ఆయన గొప్పవాడా, మనం గొప్ప చేశామా? గొప్పవాడే అని నేను మాట్లాడాలి, కాదని బావమరిది. ముప్పై ఏళ్లుగా నా షాపులో పడుతున్న గొడవే, ఇప్పుడు కుర్చీలేసి పడతాం.

"మీరు మాట్లాడితే ఇక తిరుగుండదు. మీ చెవి మీద ఉన్న నమ్మకం నాకు డిక్షనరీ మీద కూడా లేదు" అన్నారు లైబ్రేరియన్ గారు.

మార్చి 14, గురువారం

చర్చ కోసం వింటున్నాను. నీడిల్ మార్చాను, వైర్లు మార్చాను, రికార్డు కడిగాను. అన్నీ చేసినా పాట చప్పగానే ఉంది. లైబ్రేరియన్ గారి దగ్గర పెట్టెలో దాచిన మంచి కాపీ ఉంటే అరువు తెచ్చాను. అదీ అంతే. మాటలు అరిగిపోయినట్టున్నాయి, చివర్లు లేవు. మూడో చరణంలో గంటలు లేవు. షాపు స్పీకర్లివి, ఎప్పుడో చుక్క పెట్టి మూసేసినవి, వాటి స్క్రూ కదపను. రెండు కాపీల్లోనూ ఒకేసారి అరిగిపోయాయేమో.

నీడిల్ కాదు, వైరు కాదు, రికార్డూ కాదు. ఇక మిగిలింది ఒకటే. అది రాయను.

మార్చి 15, శుక్రవారం

రాస్తాను. ఆయన అంత గొప్పవాడు కాడేమో.

మార్చి 17, ఆదివారం

టీ నేనే. చక్కెర ఎక్కువైందన్నారు. కావాలనే వేశాను.

మార్చి 19, మంగళవారం

ఈ పాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. చదివింది పల్లెటూరి బడి. పక్కనే రైస్ మిల్లు, అది ఆగినప్పుడే పాఠం. పట్నం వచ్చి ఇదే షాపులో పనికి కుదిరాను. ఇక్కడ ఎవరూ తెలియదు. మా ఓనరు బాగుచేసిన స్పీకరులో ఈ పాట పెట్టి, "గంటలు వినిపిస్తున్నాయా?" అన్నాడు. వినిపిస్తున్నాయన్నాను. "అయితే ఉండు" అన్నాడు. ఆ మాట మీదే ఉండిపోయాను. ఓనరు పోయాక షాపు నాదైంది.

అందుకే అర్థం కావడం లేదు. అప్పుడు అంతగా పట్టుకున్న పాట ఇప్పుడు ఉత్త పాటైపోతే, అప్పుడు పట్టుకున్నదేమిటి? ఇరవై రెండేళ్లవాడికి దిక్కులేక ఏది వినిపిస్తే అది గొప్పదైపోయిందా? బావమరిది ముప్పై ఏళ్లుగా చెబుతున్నది ఇదేనా? వాడు కరెక్టయితే నేను ఏళ్ల తరబడి స్పీకర్లన్నిటినీ ఒక మామూలు పాటకి సరిచేసి పంపినట్టే కదా.

మా ఆవిడ ఈమధ్య గొణగడం మొదలుపెట్టింది. పొద్దున అదే చెప్పాను.

"ఏవండీ, మూడుసార్లు పిలిచాను. పక్కింటాయన పలికాడు, మీరు పలకలేదు" అంది.

"ఆయనకి పనేం లేదు. నేను ఆలోచనలో ఉన్నాను."

"ఏం ఆలోచన?"

"బొంగురాయన గొప్పవాడా కాడా అని."

"ఆయన కూడా ఇంత ఆలోచించి ఉండడు" అంది.

మార్చి 22, శుక్రవారం

ఆపరేటరు మళ్లీ వచ్చాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోవద్దు. హాల్లో జనం చెవులు మూసుకుంటున్నారు. హీరోయిన్ 'స' అంటే చాలు సూది దింపినట్టుంది."

"ఇప్పటి సినిమాలు అలా తీస్తున్నారయ్యా."

"పాత సినిమా వేసినా అంతే మాస్టారూ."

స్టేషన్ పాట పెట్టి చూశాను. నాకు సరిగ్గా ఉంది. ఇంకా చెప్పాలంటే గంటలు కొంచెం తక్కువే. ఫోన్లలో వినీ వినీ జనం చెవులు పాడైపోయాయని చెప్పి పంపించాను. ఈ నెలలో ఇలా తిరిగొచ్చినవాళ్లలో ఇతను మూడోవాడు. ఊరందరి చెవులూ ఒకే నెలలో పాడవడం కాస్త విచిత్రమే.

అలారానికి మళ్లీ బ్యాటరీ మార్చాను. గడియారాల్లోనూ నాణ్యం లేదు.

మార్చి 24, ఆదివారం

చెప్పేశాను. చర్చలో ఆయన తరఫున మాట్లాడలేను, అవతలి పక్షానికి వెళతానన్నాను.

బేకరీ ఆయన చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. లైబ్రేరియన్ గారు కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశారు.

"ఎందుకని?"

"ఏమీ లేదు సార్ అందులో. ఒట్టి బొంగురు గొంతు. మూడో చరణంలో ఉన్నాయి అనుకున్నవి కూడా లేవు."

"ముప్పై ఏళ్లు మాకు చెప్పింది మీరే కదండీ. ఇక్కడ వినండి, అక్కడ వినండి అని. నాకు కవిత్వమే తెలుసు, వినడం నేర్పింది మీరు."

"పొరపాటున నేర్పాను."

ఆయన లేచి వెళ్లిపోయారు. గొడుగు మర్చిపోయారు. బేకరీ ఆయన అది పట్టుకుని వెనకాల పరిగెత్తాడు.

బావమరిది ఎగిరి గంతేస్తాడనుకున్నాను. వాడి మొహం వాడిపోయింది.

"ఏంట్రా, గెలిచావు కదా?"

"నువ్వు ఇటొచ్చేస్తే నేనెవరితో పోట్లాడాలి బావా?" అన్నాడు. మళ్లీ తనే, "నీకు నిజంగానే నచ్చడం లేదా, నా మీద జాలా?" అన్నాడు.

జాలి ఎవరి మీదో నాకే తెలియడం లేదు.

మార్చి 31, ఆదివారం

చర్చ అయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

నలభై కుర్చీలు వేస్తే నలభైమందీ వచ్చారు. స్పీకర్లు నావే, పోయిన వారం స్క్రూ చివరిదాకా తిప్పినా గంటలు పలకక, అక్కడే ఎర్రచుక్క పెట్టినవి. మొదట లైబ్రేరియన్ గారు మాట్లాడారు, నా వైపు చూడకుండా. స్టేషన్ పాటలో పెట్టె అంటే మనిషి మోసే జ్ఞాపకమన్నారు. తర్వాత బావమరిది లేచాడు.

"ఆ పెట్టె మొదటి చరణంలో నల్లది, రెండో చరణంలో ఎర్రది. ప్రూఫు చూసుకోలేదు" అన్నాడు.

హాలంతా నవ్వు.

"అదే కవిత్వం!" అన్నారు లైబ్రేరియన్ గారు.

"కాదు సార్, మతిమరుపు. అదే మామూలువాడు రాస్తే మనం తప్పంటాం. ఈయన రాస్తే అర్థం వెతుకుతాం. నా వాదన అంతే. ఆయన సగం రాస్తాడు, మిగతా సగం మనం రాసి పేరు ఆయనకిస్తాం."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. వాడు ఇంత బాగా మాట్లాడతాడని తెలియదు.

తర్వాత నా వంతు. పెద్ద మాటలు రావు కాబట్టి పాటే వినిపిస్తానన్నాను. నీడిల్ సరిగ్గా మూడో చరణం ముందు దించాను. వాయిద్యాలు ఆగాయి. చెయ్యెత్తి, "వినండి. ఇక్కడ గంటలున్నాయని నేనే అందరికీ చెప్పాను. ఏవీ? ఏమీ లేదు. ఖాళీ. ముప్పై ఏళ్లు ఈ ఖాళీనే గొప్ప అనుకున్నాం" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. చప్పట్లూ లేవు. ముందు వరసలో ఒకావిడ రెండు చెవులూ మూసుకుంది. ఆవిడ పక్కాయన మొహం చిట్లించాడు. బేకరీ ఆయన వేలు బల్ల మీద టిక్ టిక్ టిక్‌మని లయ వేస్తోంది, నాకు వినపడని దేనికో. లైబ్రేరియన్ గారు ఆరోజు మొదటిసారి నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

అప్పుడు బావమరిది గబగబా వచ్చి నీడిల్ ఎత్తేశాడు. "మా పక్షం వాదన పూర్తయింది. నమస్కారం" అని నన్ను భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ఇంటికి నడిచాం. సందు మలుపు దగ్గర బావమరిది ఆగాడు.

"బావా, నిజంగా వినపడలేదా?"

"ఉన్నాయా?"

"హాలు గోడలకి చిల్లులు పడేలా ఉన్నాయి."

ఏప్రిల్ 1, సోమవారం

గడియారం అలారం మోగుతూనే ఉందట. రోజూ పొద్దున్నే. మా ఆవిడే లేచి ఆపుతోందట, నిద్రపోనిద్దామని.

ఏప్రిల్ 3, బుధవారం

మా ఆవిడ చెవుల పరీక్షకి తీసుకెళ్లింది. ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు. కూత వినపడగానే బటన్ నొక్కాలి. అద్దం అవతల టెక్నీషియన్ అమ్మాయి స్విచ్ నొక్కడం కనిపిస్తోంది. ఆ అమ్మాయి నొక్కినప్పుడల్లా నేనూ నొక్కాను. అన్నీ ఒప్పే. కాసేపటికి ఆ అమ్మాయి లేచి, కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంది. ఆ తర్వాత చాలాసేపు నాకేమీ పని తగల్లేదు.

"చెవికెప్పుడైనా దెబ్బ తగిలిందా అంకుల్?"

"లెక్కల మాస్టారు ఎడమ చెవి వాడేవారమ్మా."

"కుడి చెవి కూడా అలాగే ఉంది."

"సైన్సు మాస్టారు."

నవ్వింది పాపం. తర్వాత కాగితం చూపించింది. ఒక గీత ఎడమనుంచి బాగానే వచ్చి, సగం దాటాక మెట్ల మీంచి జారిపడ్డట్టు కిందికి పోయింది. లావు శబ్దాలు బాగానే వినిపిస్తాయట. సన్నటివి పోయాయట. ఒక్కరోజులో కాదు, ఏళ్లుగా. పోయినవి తిరిగి రావట. మెషిన్ పెట్టుకుంటే కొంత నయమట.

ఆ గీత జారిపడిన చోటు నాకు బాగా తెలుసు. నా ఎర్రచుక్కలన్నీ ఉండేది అక్కడే.

ఏప్రిల్ 6, శనివారం

మెషిన్ పెట్టుకున్నాను. మా ఆవిడ మాట స్పష్టంగా వినిపిస్తోంది. ఇన్నాళ్లూ గొణగలేదన్నమాట. క్షమించమన్నాను. "దేనికి? ఏవేవి వినలేదో మీకు తెలియదుగా, నాకు తెలుసు" అని నవ్వింది.

పాట మాత్రం రేకు డబ్బాలో చిల్లర పోసి ఊపినట్టుంది. గంటలున్నాయి, కానీ ఇవి ఆ గంటలు కావు. ఆ అమ్మాయి ముందే చెప్పింది, ఇది మాటలకి పనికొస్తుంది అంకుల్, పాటల సంగతి చెప్పలేం అని.

సరే, ఆలోచిద్దాం. పాట చప్పబడింది నా చెవుల వల్ల. కాబట్టి ఆయన గొప్పవాడే. ఇది ఒకటి. కానీ బావమరిది చెవులు శుభ్రంగా ఉన్నాయి. గంటలన్నీ విని కూడా వాడు ఆయన గొప్పవాడు కాదంటున్నాడు. ఇది రెండు. అంటే చెవి వల్ల తేలే సంగతి కాదు. మరి ఇన్నాళ్లూ నేను దేనితో తేల్చాను? కళ్లు మూసుకుంటే పాట మొత్తం తలలో మోగుతోంది, ఒక్క గంట తగ్గకుండా. అది ఆయన పాటా, నాదా? సగం మనం రాసి పేరు ఆయనకిస్తాం అన్నాడు వాడు. ఆ సగమేనా ఇది?

తల తిరుగుతోంది. మెషిన్ తీసేసి డబ్బాలో పెట్టాను.

ఏప్రిల్ 7, ఆదివారం

లైబ్రేరియన్ గారు వస్తారనుకోలేదు. వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు. చెవి చూపించి, జరిగింది చెప్పాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే ఆయన గొప్పవాడే!" అన్నారు.

"అలా తీర్మానాలు చేసెయ్యకండి సార్. నా చెవులు బాగానే ఉన్నాయి" అన్నాడు బావమరిది.

"నీకు చెవులున్నాయి, రుచి లేదయ్యా."

"పెట్టె రంగు రుచితో తెలుస్తుందా సార్?"

పావుగంట కొట్టుకున్నారు. హాయిగా ఉంది. మధ్యలో బేకరీ ఆయన బల్ల వాయించడం ఆపి, "మరి షాపు సంగతేంటి?" అన్నాడు.

ఇద్దరూ ఆగిపోయారు. నేను నిన్నటినుంచి బొంగురాయన గురించి ఇంత ఆలోచించింది, ఈ మాట గురించి ఆలోచించకుండా ఉండటానికే.

వినపడనివాడు స్పీకరు బాగుచెయ్యడం ఎలా? వేరే పని రాదు. నాకు యాభై నాలుగేళ్లు.

"మూసేస్తాను" అన్నాను. మామూలుగానే అన్నాననుకుంటాను. లైబ్రేరియన్ గారు గుమ్మం దాటి లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

ఏప్రిల్ 9, మంగళవారం

పొద్దున ఆపరేటరు తన ఆంప్లిఫయరు మళ్లీ తెచ్చి పడేసి పోయాడు. సాయంత్రం ప్రెస్సు నుంచి బావమరిది తిన్నగా షాపుకొచ్చాడు. చెవి మీద పెన్సిల్ అలాగే ఉంది.

"ఆ ఆపరేటరు పెట్టె విప్పు బావా."

"ఎందుకు?"

"నువ్వు తిప్పు, నేను వింటాను. తప్పులు పట్టుకోవడమేగా, నాకున్న విద్య అదొక్కటే."

గోళ్లరంగు చుక్క గీకి తీశాను. స్టేషన్ పాట పెట్టాను. వాడికి ఎలా వినాలో తెలియదు. "కీచుగా ఉంది" అంటాడు. కీచు అంటే ఏ కీచు? సుద్దముక్క పలక మీద గీసినట్టా, తలుపు మడత కిర్రుమన్నట్టా? వాడు తడబడతాడు, నేను కసురుకుంటాను. స్క్రూ ఎంత తగ్గించినా "ఇంకా, ఇంకా" అంటాడు. నేను ఎంత దూరం వెళ్లిపోయానో వాడి 'ఇంకా'లు లెక్కపెడితే తెలిసింది. పదకొండు.

ఆపరేటరు పట్టుకెళ్లి, గంటలో ఫోన్ చేశాడు. సూది పోయిందట.

స్పీకర్లు తిరిగి తెచ్చిన మిగతా ఇద్దరికీ రేపు కబురు పెట్టాలి. తప్పు మీ చెవులది కాదని కూడా చెప్పాలి. అది చెప్పడమే కష్టం.

ఏప్రిల్ 14, ఆదివారం

బొంగురాయన కొత్త రికార్డు వచ్చింది. ఏడేళ్ల తర్వాత. లైబ్రేరియన్ గారు పొద్దున్నే తెచ్చి ఇచ్చి, మనవరాలి పెళ్లిచూపుల వల్ల కూర్చోలేనని బాధపడుతూ వెళ్లారు. బేకరీలో రద్దీ. షాపులో నేనూ బావమరిదీ ఇద్దరమే.

పాత పాటలతో నాకు చిక్కు లేదు. వినపడనిచోట తలలోంచి తీసుకుని అతికిస్తాను. ఇది కొత్తది. తలలో ఏమీ లేదు. మెషిన్ పెట్టుకుని విన్నాను, రేకు చప్పుడు. తీసేసి విన్నాను, గోడ అవతల ఎవరో నడుస్తున్నట్టు అడుగులు, ఆ అడుగుల మీద బొంగురు. ఇది బాగుందో లేదో నా అంతట నేను ఎప్పటికీ తెలుసుకోలేను. ఆయన గొప్పవాడో కాదో ఇకనుంచి నాకు ఎవరో ఒకరు చెప్పాలి. ఉన్నదేమో ఈ ఒక్కడు, ముప్పై ఏళ్లుగా కాదంటున్నవాడు.

రెండో పాట మొదలైంది. వాడు స్పీకరు ముందు స్టూలు మీద కూర్చున్నాడు, నా వైపు వీపు పెట్టి. చెవి మీది పెన్సిల్ తీసి చేతిలో పట్టుకున్నాడు. మామూలుగా ఈపాటికి ఒక వెక్కిరింపు రావాలి. రాలేదు. పాట సగానికొచ్చినట్టుంది. పెన్సిల్ కదలడం లేదు.

"ఎలా ఉందిరా?"

స్పీకరుకి ఇంకా దగ్గరగా వంగాడు.

"చెప్పరా. మామూలుదేనా?"

చెయ్యి వెనక్కి చాపి ఆగమన్నాడు.

"లోపల ఏమైనా ఉందా? గిటారా? ఎవరైనా ఆడవాళ్లు పాడుతున్నారా? ఉన్నదున్నట్టు చెప్పు, నేనేమీ అనుకోను."

వాడు తల తిప్పలేదు. నాకు స్పష్టంగా వినపడాలని ఒక్కో మాటా విడదీసి, గట్టిగా అన్నాడు:

"నోరు మూసుకో బావా. వింటున్నాను."

మూసుకున్నాను.